సూరాడ సింహాచలం గుండెలో సున్నపు రవ్వ

నేను ఒక సున్నపు రవ్వను. ఆవగింజలో సగం కూడా ఉండను. మీరు నన్ను చూడాలంటే సూరాడ సింహాచలం అనే మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని, గుండ్రటి పెద్ద యంత్రంలోకి జరపాలి. అప్పుడు నల్లటి తెర మీద, అతని గుండెకు రక్తం పోసే ఎడమ నాళం మొదట్లో, తెల్లగా మెరుస్తూ కనిపిస్తాను. ఆ మెరుపు చూసి డాక్టర్లు మొహం చిట్లిస్తారు. నా తెలుపు చూసి ముచ్చటపడిన మనిషి ఒకే ఒక్కడు. అతను ఇప్పుడు లేడు.

అతని పేరు కూడా సూరాడ సింహాచలమే. నేను మొదట కాపురం పెట్టింది అతని గుండెలో. అతన్ని ఇసుకలో పూడ్చిపెట్టినప్పుడు నేనూ అతనితోనే వెళ్లాను. మళ్లీ అదే పేరున్న మనిషిలోకి ఎలా వచ్చానో చెబుతాను. కంగారు పడకండి, నేను ఎవరినీ వెతుక్కుంటూ రాలేదు. వచ్చాక మాత్రం నాకే ఒళ్లు జలదరించింది.

నా పుట్టుక భీమిలి దగ్గర, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో. అక్కడ ఒక గుల్లపురుగు నీళ్లలోంచి నన్ను ఏరుకొని తన ఇంటి గోడగా పెట్టుకుంది. ఆ పురుగు చచ్చాక, నడుం లోతు నీళ్లలో దిగి గుల్లలు ఏరే ఆడవాళ్లు నన్ను బుట్టలో వేసుకున్నారు. సున్నపు బట్టీలో బొగ్గుల మధ్య కాల్చారు. నీళ్లు చల్లితే కుతకుత ఉడికి, పిండినై, చివరికి ఒక ఇత్తడి సున్నపుకాయలో పడ్డాను. ఆ సున్నపుకాయ ఆ మొదటి సింహాచలం, తాత సింహాచలం నడుముకు వేలాడేది. తాత పెద్ద వల లాగే జట్టుకు మొనగాడు. మనిషి కొండలా ఉండేవాడు. తమలపాకు మీద నన్ను బొటనవేలితో రాస్తూ, "ఎంత తెల్లగున్నావే, తల్లీ" అనేవాడు. ఆ మాట అన్న నోట్లోకే పోయాను.

కిళ్లీ వేసుకున్నందుకే గుండెలో సున్నం చేరిందని అనుకునేరు. అలా కాదు. పాలలో, చేపలో, బావి నీళ్లలో ఉన్నదంతా మా వాళ్లమే. తిన్న సున్నం చాలా వరకు ఎముకలకు పోతుంది, నా మానాన నేనూ అక్కడే ఉండేదాన్ని. కాని చుట్ట పొగో, ఒంట్లోని కొవ్వో, తండ్రుల నుంచి వచ్చిన రాతో, గుండె నాళం గోడలో ఒక పుండు రగులుతూ ఉంటుంది. దాన్ని మాన్పడానికి ఒళ్లు మమ్మల్ని పిలుస్తుంది, బీట వారిన గోడకు మేస్త్రీ సున్నం పూసినట్టు. పిలిస్తే వెళ్తాం, అక్కడే గట్టిపడతాం. ప్రాణం తీసేది మేము కాదు, మా పక్కన మెత్తగా పొంచి ఉండే కొవ్వు. కాకపోతే మేము ఎక్కడుంటే అదీ అక్కడే ఉంటుంది. అందుకే ఇప్పటి డాక్టర్లు మమ్మల్ని లెక్కపెడతారు. తాత కాలంలో ఆ లెక్క లేదు. నేను అతని గుండెలో కూర్చుని ఉన్నానని లోకంలో ఎవరికీ తెలియదు.

ఒకనాటి పొద్దున వల లాగుతూ తాత ఆగిపోయాడు. "నా గుండెల మీద ఎవుడో కూకున్నాడురా" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను లోపలి నుంచి విన్నాను. తొలకరి వానలా టపటపమని కొట్టుకుంటున్న గుండె ఒక్కసారి తడబడింది. మళ్లీ కొట్టుకుంది. కొంచెంసేపు వణికింది. తరువాత ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేని గుండెలో ఉండడం ఎలా ఉంటుందో నేను మీకు చెప్పలేను. ఊరివాళ్లు గాలి సోకిందన్నారు. ఒక ముసలామె వేపమండ తెచ్చి శవం చుట్టూ దిష్టి తీసింది. వాళ్లు వెతుకుతున్న ఆ గాలిని నేనే కాబోలని మొదటిసారి అనుకున్నాను.

ఇసుకలో చాలాకాలం ఉన్నాను. ఒక తుఫానుకు సముద్రం ముందుకొచ్చి శ్మశానాన్ని కోసుకుపోయింది. తాత ఎముకలతో పాటు నేనూ నీళ్లలో కలిశాను. అలలు అరగదీశాయి, నాచు తింది, నాచును నెత్తళ్లనే చిన్న చేపలు తిన్నాయి. ఒక నెత్తల్లి వెన్నుముల్లులో దర్జాగా కుదురుకున్నాను. ఆ నెత్తల్లిని వలేసి పట్టి, ఇసుకలో ఎండబెట్టి, ఒక ఇంట్లో వంకాయతో కలిపి పులుసు పెట్టారు. నెత్తళ్లను ముల్లుతోనే తింటారు కదా. ఎవరి నోట్లో నలుగుతున్నానో తెలియదు. అప్పుడు గుమ్మంలోంచి ఎవరో కేకేశారు.

"సింహాచలం! తిన్నది సాలు, రా!"

నన్ను నములుతున్న నోరే "వత్తన్నాను" అంది.

ఆ క్షణం నాకు భయం వేసింది. మనుషులకు మా వల్ల భయం పుట్టడమే చూశాను కాని, మాకు మనుషుల వల్ల పుట్టడం అదే మొదలు.

సంగతేమిటంటే, తాత పోయేనాటికి అతని ఇద్దరు కోడళ్లూ నీళ్లోసుకుని ఉన్నారు. ఇద్దరికీ మగపిల్లలే పుట్టారు. పోయిన పెద్దాయన పేరు ఇంట్లో మళ్లీ పిలవాలి, అది అక్కడి ఆనవాయితీ. ఆ హక్కు నాదంటే నాదని అన్నదమ్ములిద్దరూ పట్టుబట్టారు. ఎవరూ తగ్గలేదు. చివరికి ఇద్దరు పిల్లలకూ సింహాచలమనే పెట్టి, ఇంట్లో పెద, చిన అని పిలుచుకున్నారు. ఇంటి పేరొకటే, పేరొకటే, పుట్టిన ఏడాదీ ఒకటే. బళ్లో ఒకడు హాజరు పలికితే ఇద్దరూ వచ్చినట్టే. ఒకడు చేసిన వెధవ పనికి ఇంకొకడు తన్నులు తినేవాడు. ఆ ఇద్దరూ దీన్ని పెద్ద వేడుకగా భావించారు. "ఏ సింహాచలం?" అని ఎవరైనా అడిగితే, "ఎవుడైతే ఏటి?" అనడం వాళ్లకు జీవితాంతం నవ్వు తెప్పించే మాట.

నేను ఉన్నది పెదసింహాచలంలో. బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. మాటకు ముందు నవ్వు. కొన్నేళ్లు అతని ఎడమ పక్కటెముకలో ఉన్నాను. అక్కడ నాకొక పొరుగు దొరికింది. చర్మం కింద, చిన్న ఇనుప ముల్లు ఒకటి, గేలం కొన. చిన్నప్పుడు ఏటి ఒడ్డున చిన విసిరిన గేలం గురితప్పి పెద ఛాతీలో దిగబడిందట. లాగితే విరిగింది. కొన లోపలే ఉండిపోయింది. నాయనమ్మ తంతుందని ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు, గాయానికి పసుపూ సున్నమూ మెత్తారు. మానిపోయింది. ఆ నాటి నుంచి ఎవరూ లేనప్పుడు చిన అతన్ని "గేలం" అని పిలిచేవాడు. ఆ పేరు ఇంకెవరికీ తెలియదు. నాకు తెలుసు, ఆ పిలుపు విన్నప్పుడల్లా గుండె కొంచెం తేలిగ్గా కొట్టుకునేది కాబట్టి.

తరువాత పిలుపు వచ్చింది, నాళం గోడ నుంచి. వెళ్లకుండా ఉండే స్వతంత్రం మాకు లేదు. వెళ్లి చూస్తే అదే చోటు, ఎడమ నాళం మొదలు. తాతలో కూర్చున్న చోటే మనవడిలోనూ కూర్చున్నాను. చుట్టూ ఇంకెందరో మా వాళ్లు చేరారు. పక్కనే మెత్తటి కొవ్వు. నాకంతా ముందే తెలిసినట్టు అనిపించేది. ఒక ఇంట్లో ఒకసారి చావు చూసినవాణ్ణి మళ్లీ అదే గదిలో పడుకోమన్నట్టు ఉండేది.

చిన కూతురు నూకరత్నం విశాఖపట్నంలో నర్సు. తాతకు మునిమనవరాలే అయినా, తాత ఒంటితీరూ గుండె ధైర్యమూ ఆ పిల్లకు వచ్చాయి. ముత్తాత గుండెతో పోయాడు, తరువాత ఆయన కొడుకులిద్దరూ యాభై ఐదు దాటకుండానే గుండెతోనే పోయారు. ఇప్పుడు ఈ ఇద్దరూ ఆ వయసుకు వచ్చారు. రత్నం ఊరుకోలేదు. "సూదీ లేదు, మందూ లేదు. ఊపిరి బిగబడితే అయిపోద్ది. గుండెలో సున్నం ఎంతుందో తెలిసిపోద్ది, పెదనాన్నా" అని ఇద్దరినీ లాక్కుపోయింది.

ఆ రోజును నేను మరిచిపోలేను. ఛాతీకి తీగలు అంటించారు. బల్ల కదిలింది. "ఊపిరి తీసుకోండి. బిగబట్టండి" అని యంత్రం ఆడగొంతుతో పలికింది. పెద ఊపిరి ఆగింది. రెండు కొట్టుకోవడాల మధ్య గుండె నిలిచే చిన్న సందులో, చప్పుడు లేని ఆ సందులో, ఏదో నా గుండా దూసుకుపోయింది. వేడి లేదు, వెలుతురు లేదు. కాని నన్నెవరో చూశారు. సముద్రం అడుగున, బట్టీలో, సమాధిలో, ఇద్దరు మనుషుల చీకటి గుండెల్లో అన్నాళ్లు ఉన్నాక, మొదటిసారి నేనున్నానని ఒకరికి తెలిసింది. సంతోషించాను. ఇక ఈ మనిషి బతుకుతాడనుకున్నాను.

పెద గుండెలో మా లెక్క ఆరువందలు దాటింది, అంటే ముప్పు ఎక్కువే. చినకు సున్నా. గుండెలో ఒక్క రవ్వ కూడా లేదు.

మర్నాడు కవర్లు తీసుకోవడానికి పెద ఒక్కడే వెళ్లాడు. రత్నానికి డ్యూటీ. కౌంటర్‌లో అమ్మాయి రెండు పెద్ద కవర్లు ముందు పెట్టి తికమకపడింది. "పేరూ అదే, వయసూ అదే ఉందండీ. మీది ఏది?" అని అడిగింది. ముందురోజు ఇచ్చిన నంబరు చీటీ చూపిస్తే సరిపోయేది. అది చొక్కా జేబులో, నాకు బెత్తెడు దూరంలో ఉంది. కాని ఈ ప్రశ్న పుట్టిన దగ్గర నుంచి వింటున్న పెదకు నవ్వు ఆగలేదు.

"ఏదైతే ఏటమ్మా? ఇద్దరం సూరాడ సింహాచలమే! ఆ పైది నాకిచ్చీ" అన్నాడు.

పైది చినది. అడుగుది తీసుకెళ్లి చినకు ఇచ్చాడు. అలా నా బొమ్మ ఒక ఇంటికి పోయింది, నేను ఇంకొక ఇంటికి పోయాను. నేను లోపల ఎంత గింజుకున్నా ఏం లాభం? నాకు నోరు లేదు. నొప్పి ఒక్కటే నా మాట. అది కూడా ఇక్కడివాళ్లకు గ్యాసు అని వినపడుతుంది.

సున్నా వచ్చిందని పెద వాడంతా చాటాడు. "బళ్లో సున్నా వస్తే మా అయ్య తోలు తీసీవోడు. ఇప్పుడు సున్నాకి పండగ సేసుకోమంటన్నారు!" అన్నాడు. రొయ్యల వేపుడు, కోడి పలావు, అన్నీ అయ్యాయి. మెట్లెక్కుతుంటే దవడ లాగేది. సోడా తాగేవాడు. "నాకు గుండెకేటీ నేదు, కాయితమే సెప్పింది. ఇది గ్యాసే" అనేవాడు. కాగితం లేకపోతే ఏ నొప్పికైనా భయపడేవాడేమో. కాగితం అతనికి భయం లేకుండా చేసింది. ఆ సంతోషంలోనే మొక్కుకున్నాడు, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తానని. కొండ చుట్టూ కాలినడక. పేరు పెట్టిన దేవుడి రుణం తీర్చుకోవాలట.

అక్కడ చిన ఇంట్లో సందడి ఆగిపోయింది. లేని సున్నాన్ని గుండెలో మోసుకుంటూ చిన మెల్లగా నడిచేవాడు, మెల్లగా దగ్గేవాడు. పెదకు చెప్పొద్దని కూతురి చేత ఒట్టు వేయించుకున్నాడు. "ఆడు పండగలో ఉన్నాడు, ఎందుకు పాడుసెయ్యాలి?" అన్నాడు. వాళ్లిద్దరి ప్రేమే ఆ తప్పును అన్ని రోజులు దాచింది. గుండె డాక్టరు దగ్గర చినకు సమయం దొరికింది సరిగ్గా ఆ పౌర్ణమి రోజునే. ఇక్కడి నుంచి కొంత నేను చూడలేదు. తరువాత ఆసుపత్రిలో చిన మా మంచం పక్కన కూర్చుని పదేపదే చెప్పగా విన్నాను.

డాక్టరు బొమ్మను వెలుతురుకు పట్టి చూశాడు. నన్ను చూసి అందరిలాగే మొహం చిట్లించాడు. తరువాత వేలు పక్కకు జరిపి, "ఛాతీ చర్మం కింద ఇనుప ముక్కలా ఉందే. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా మీకు?" అని అడిగాడు.

చిన ముందుకు వంగి చూశాడు. నాకన్నా తెల్లగా, వంకరగా, మొనదేలి ఒక చిన్న ముల్లు. తనే విసిరిన గేలం.

"అది నాది కాదు బావూ" అన్నాడు. "అది మా గేలంగాడిది."

డాక్టరుకు అర్థం కాలేదు. చిన చొక్కా విప్పి చూపించాడు. ఎక్కడా మచ్చ లేదు. అర్థమయ్యాక డాక్టరు గొంతు మారింది.

"ఈ గుండె ఎవరిదో, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"కొండ సుట్టూ నడుస్తన్నాడు."

"ముందు ఆయన్ని కూర్చోబెట్టండి. ఎక్కడుంటే అక్కడే."

అప్పటికి మేము కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం దాటాము. మబ్బు పట్టినా ఉక్క ఆగలేదు. ముందూ వెనకా పక్కలా జనమే. దారి ఎత్తెక్కుతోంది. పెద ఒకచోట ఆగి ఛాతీ రుద్దుకున్నాడు. "నా గుండెల మీద ఎవుడో కూకున్నాడురా" అని తనలో తనే గొణిగాడు.

తాత ఆ మాట చెప్పడం ఇతను వినలేదు. ఇతను పుట్టకముందు మాట అది. అయినా అక్షరం పొల్లుపోకుండా అదే గొంతుతో అన్నాడు. నా పక్కనున్న మెత్తటి కొవ్వు మీది పొర సాగడం నాకు తెలుస్తోంది. తొలకరి వానలా టపటప, అదే చప్పుడు. నేను కరిగిపోవాలనుకున్నాను. బట్టీలో కాలినదాన్ని, సముద్రంలో అరిగినదాన్ని, ఇక్కడ మాత్రం ఎంత కోరుకున్నా ఇసుమంతైనా కరగలేకపోయాను.

జేబులో ఫోను మోగుతూనే ఉంది. దాని వణుకు పక్కటెముకల మీదుగా నా దాకా వస్తోంది. గోవింద నామాల హోరులో అతనికి మాత్రం తెలియలేదు. తరువాత వెనక నుంచి ఒక కేక.

"సింహాచలం!"

పెద తల తిప్పలేదు. ఆ రోజు ఆ దారిలో అది ఎవరి పేరు? దేవుడి కొండ పేరు. జనమంతా ఆ కేకను అందుకొని, "అప్పన్నా, గోవిందా!" అన్నారు. చిన మళ్లీ అరిచాడు. మళ్లీ గోవింద కొట్టారు. మా పేరును ఎంత గట్టిగా పిలిస్తే అంతగా హోరు మింగేసింది. పెద ఇంకో అడుగు వేశాడు. గుండె ఒక్కసారి తడబడింది. దాని తరువాత ఏమవుతుందో ఆ దారిలో నా ఒక్కదానికే తెలుసు.

"ఒరే గేలం!"

పెద ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఆ పేరుకు లోకంలో ఒక్కడే ఉన్నాడు కదా.

"కూకో! ఉన్నకాడే కూకో! అడుగు తియ్యకు!" జనాన్ని చేతులతో తోసుకుంటూ, చెప్పులు ఎక్కడో పోగొట్టుకొని, ఏడుస్తూ వస్తున్నాడు చిన. తన గుండె పగిలిపోతుందని ఇన్నాళ్లు మెల్లగా దగ్గినవాడు ఆ ఎత్తంతా పరుగెత్తి వచ్చాడు. పెద తెల్లబోయి నడిరోడ్డు మీద కూలబడ్డాడు. చిన అతని తలను ఒళ్లో పెట్టుకొని, చొక్కా మీది నుంచే ఆ ముల్లున్న చోటును అరచేత్తో అదిమి పట్టాడు. అరచేయి వేడి నా దాకా వచ్చింది. వెనకే నూకరత్నం భక్తుల కోసం పెట్టిన అంబులెన్సును వెంటబెట్టుకు వచ్చింది.

ఇప్పుడు నా ముందు ఒక సన్నటి తీగల వల ఉంది. డాక్టర్లు నాళంలోకి పంపి, బుడగతో విప్పి, నన్నూ కొవ్వునూ గోడకు అదిమేశారు. వల లాగేవాళ్ల ఇంట్లో కాపురం పెట్టి చివరికి నేనే వలలో పడ్డాను. ఈ బందీ బతుకు నాకు ఇష్టంగానే ఉంది. రత్నం మాత్రం ఇప్పటికీ మండిపడుతుంది. "ఇద్దరికీ రెండు పేర్లు పెట్టుంటే ఏటి కొంప మునిగిపోను?" అంటుంది. ఇద్దరు సింహాచలాలూ తల వంచుకొని వింటారు. ఏ సింహాచలం అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నవ్వరు. వేలెత్తి చూపిస్తారు.

మొన్న పెద కొడుక్కి కొడుకు పుట్టాడు. బారసాలకు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయడానికి అందరూ చుట్టూ కూర్చున్నారు. ఏ పేరు వస్తుందో అందరికీ తెలుసు. పెద్ద ముత్తయిదువ ఒకామె "సిం..." అని మొదలుపెట్టింది కూడా. పెద పసివాణ్ణి గుండెల మీదికి తీసుకున్నాడు.

"ఆగు, అత్తా" అన్నాడు. "తాత పేరు మేం ఇద్దరం మోసినాం. సాలు. ఈడికి ఈడిదే పెట్టండి."

పసివాడు నాకు ఎదురుగా, రెండు ఛాతీ గోడల అవతల పడుకొని ఉన్నాడు. నేను విన్నాను. పిచ్చుక గుండెలా గబగబ కొట్టుకుంటోంది. ఆ నాళాలు నున్నగా ఉన్నాయి, మా వాళ్లెవరూ లేరు. బయట సముద్రం ఘోషిస్తోంది. అందులో తాత ఎముకల సున్నం ఇంకా ఎంతో ఉంది, ఎక్కడెక్కడి నెత్తళ్లలోనో తిరుగుతోంది.

చిన వంగి పసివాడి చెవిలో పేరు చెప్పాడు. వాడు పెద గుండె మీదే ఉన్నాడు కాబట్టి ఆ పేరు నాకూ వినపడింది. నేను అంతకు ముందు ఎన్నడూ వినని పేరు.

అదేమిటో మీకు చెప్పను. సముద్రం వింటుంది.